పాత డీటీబీ, కొత్త కెర్నెల్, మధ్యలో ఒక సీరియల్ పోర్టు

"అన్నా, పాత బోర్డు నోరు మెదపట్లేదు" అంటూ మా టెస్టింగ్ కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. కేబుల్ చూశావా అంటే రెండు మార్చానన్నాడు. పవర్ చూశావా అంటే ఎల్ఈడీ వెలుగుతోందన్నాడు. కొత్త కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, వేసేదాకా అదే బోర్డు, అదే కేబుల్ మీద గలగలా మాట్లాడింది. ఇక నా వైపు చూడ్డం తప్ప అతనికి దారి లేదు. ఆ కెర్నెల్‌లో కొత్తగా చేరిన సీరియల్ పోర్టు మార్పులన్నీ నావే.

మార్పులు చూడ్డానికి పెద్దవేం కావు. మా బోర్డులో ఉన్న యూఆర్ట్ (సీరియల్ పోర్టును నడిపే సర్క్యూట్), 16550 అన్న పాత చిప్ పోలికతో చేసుకున్న సొంత డిజైన్. మొదటి వెర్షన్‌లో 16 బైట్ల ఫీఫో (వచ్చే పోయే బైట్లు వరసలో ఆగే చోటు) ఉండేది. రెండో వెర్షన్‌లో ఫీఫో 128 బైట్లకు పెరిగింది, డ్రైవర్ చదివి రాసే రిజిస్టర్ల వైపు విడిగా ఒక బస్ క్లాక్ వచ్చింది, ఆర్ఎస్-485లో (ఒకే జత వైర్ల మీద చాలా పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) దిశ మార్చే పిన్నును హార్డ్‌వేరే స్వయంగా నడపడం మొదలెట్టింది. ఈ మూడింటినీ డివైస్ ట్రీలో రాసి, వాటిని చదవడం డ్రైవర్‌కు, అంటే ఆ పోర్టును నడిపే కెర్నెల్ కోడుకు, నేర్పితే అయిపోతుంది. వారం పని అని చెప్పాను. ముగించేసరికి ఆరో వారం నడుస్తోంది.

డివైస్ ట్రీతో పరిచయం లేనివాళ్లకు ఒక ముక్క. పీసీఐ, యూఎస్‌బీ పరికరాలు తామెవరో తామే చెప్పుకుంటాయి. చిప్ లోపలున్న యూఆర్ట్ అలా చెప్పుకోలేదు. అది ఏ అడ్రసులో ఉంది, దానికి ఏ ఇంటరప్ట్, ఏ క్లాక్ అన్నది ఎవరో ఒకరు రాసి కెర్నెల్ చేతికివ్వాలి. ఆ రాతే డీటీఎస్, దాన్ని కంపైల్ చేస్తే వచ్చే బైనరీ డీటీబీ. మూలం 1994 నాటి ఐఈఈఈ 1275 ఓపెన్ ఫర్మ్‌వేర్. పవర్‌పీసీ మీద నలిగి, 2011లో ఏఆర్ఎం కోడ్ గందరగోళం మీద లైనస్ టోర్వాల్డ్స్ విసుక్కున్నాక అటువైపు జోరుగా పాకింది. డీటీబీ ఫైల్ మొదటి నాలుగు బైట్లు హెక్స్‌లో 'డూడ్ ఫీడ్' అని చదువుకునేలా పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ ఆరు వారాల్లో నాకు నవ్వొచ్చింది అది కనపడ్డప్పుడే.

లినక్స్ వైపు దీనికో నియమం ఉంది. పాత డీటీబీ మీద కొత్త కెర్నెల్ నడవాలి. కొత్త డీటీబీ మీద పాత కెర్నెల్ నడిచి తీరాలని మాత్రం ఎవరూ పట్టుబట్టరు. కొత్త ప్రాపర్టీలు (డీటీఎస్‌లో పేరూ విలువా రాసే లైన్లు) చేర్చుకోవచ్చు, ఉన్నవాటి అర్థం మార్చకూడదు. చేర్చింది కనపడకపోతే డ్రైవర్ పాతలాగే నడుచుకోవాలి. ఇది నేను చాలాసార్లు చదివాను, పక్కవాళ్లకు చెప్పాను కూడా. పైగా మాకిది మర్యాద కోసం పాటించే సంగతి కాదు. మా పరికరాల్లో డీటీబీ బూట్‌లోడర్ (కెర్నెల్‌ను లేపే చిన్న ప్రోగ్రాం) పక్కన, తిరగరాయడానికి వీల్లేని చోట ఉంటుంది. దూరం నుంచి పంపే అప్‌డేట్లో కెర్నెలూ రూట్ ఫైల్‌సిస్టమూ మారతాయి, డీటీబీ మారదు. ఫ్యాక్టరీలో ఎక్కించిన రోజు ఏం రాసి ఉందో, ఆ పెట్టె బతికున్నంత కాలం అదే.

ఇంత తెలిసీ ఎలా పడ్డానో చెబుతాను.

నోరు మెదపని బోర్డుకు ముందుగా ఎర్లీకాన్, అంటే అసలు డ్రైవర్ లేవకముందే లాగ్ చూపే ఏర్పాటు, ఆన్ చేశాం. అది క్లాకుల జోలికి పోదు. బూట్‌లోడర్ ఏ వేగంలో వదిలేసిందో అదే వేగంలో అక్షరాలు తోస్తుంది. అందుకే ఇలాంటప్పుడు దానికి మించిన నేస్తం లేదు. లాగ్ కదిలింది, మా డ్రైవర్ వంతు వచ్చేసరికి ఒక్క లైను: బాడ్ క్లాక్ దొరకలేదు, ఎర్రర్ -2. క్లాక్ దొరక్కపోతే ప్రోబ్ (డ్రైవర్ పరికరాన్ని అందుకునే మెట్టు) ఆగిపోతుంది. ప్రోబ్ ఆగితే పోర్టు లేదు, పోర్టు లేకపోతే కన్సోల్ లేదు. బోర్డు లోపల అన్నీ భేషుగ్గా నడుస్తున్నాయి, ఆ మాట చెప్పడానికి నోరే లేదు.

కారణం నా చేతిరాతే. పాత డీటీబీలో క్లాక్స్ ప్రాపర్టీలో ఒకే ఒక్క క్లాక్ ఉంది, పేరు లేదు. అది బాడ్ రేటుకు, అంటే పోర్టు వేగానికి, వాడే క్లాక్. ఇప్పుడు రెండయ్యాయి కాబట్టి పేర్లు పెట్టి, డ్రైవర్ చేత పేరుతోనే అడిగించాను. పైగా బస్ క్లాక్‌ను మొదట రాశాను. రిజిస్టర్లు ముట్టుకోవాలంటే ముందు అదే కావాలి కదా, వరసలో అదే ముందుండాలని నా బుర్రకు తోచింది. పాత డీటీబీలో క్లాక్-నేమ్స్ అన్న ప్రాపర్టీయే లేదు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాళ్లెవరు?

దీనికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. కెర్నెల్‌లోనే ఉన్న సినాప్సిస్ డిజైన్‌వేర్ యూఆర్ట్ డ్రైవర్ చూస్తే చాలు. బాడ్ క్లాక్‌ను ముందు పేరుతో అడుగుతుంది, లేదంటే పేరు లేని మొదటి క్లాక్‌ను తీసుకుంటుంది. బస్ క్లాక్‌ను ఉంటే వాడుకుంటుంది, లేకపోతే ఊరుకుంటుంది. నేనూ అలాగే దిద్దాను. వరసలో బాడ్ క్లాక్‌ను మళ్లీ మొదటికి తెచ్చి, కొత్తదాన్ని చివర చేర్చాను. వరసలో ఒకసారి స్థానం ఇచ్చాక ఆ స్థానం దానిదే, మధ్యలో ఎవర్నీ దూర్చకూడదు. ఇంటరప్టులకూ డీఎమ్ఏ ఛానళ్లకూ ఇదే లెక్క.

దిద్దడం గంట పని. నన్ను తినేసింది ఇంకో ప్రశ్న. పాత బోర్డు మీద నేను టెస్ట్ చేశాను కదా, అప్పుడెలా నడిచింది?

చేశాను, నిజమే. పాత బోర్డు డీటీఎస్‌ను కంపైల్ చేసి, ఆ డీటీబీతో కొత్త కెర్నెల్‌ను బూట్ చేశాను. చక్కగా వచ్చింది. అయితే ఆ డీటీఎస్ ఒక డీటీఎస్ఐ ఫైల్‌ను ఇన్‌క్లూడ్ చేసుకుంటుంది. చిప్‌కు సంబంధించిన నోడ్లన్నీ అందులోనే ఉంటాయి. అంతకు రెండు రోజుల ముందు అందులో రెండు క్లాకులూ, వాటి పేర్లూ రాసింది నేనే. అంటే నేను పాత డీటీబీ అనుకున్నది పాతది కానే కాదు. పాత పేరు తగిలించుకున్న కొత్త డీటీబీ. కొత్తదాన్ని కొత్తదాంతో పోల్చుకుని పాస్ మార్కులు వేసుకున్నాను.

ఇది అర్థమయ్యాక ఒంట్లోంచి చల్లగా ఏదో దిగినట్టయింది. ఎందుకంటే అప్పటిదాకా ఏళ్ల తరబడి మేం చేసిన పాత బోర్డు పరీక్షలన్నీ ఈ బాపతే.

ఆ రోజే ఒక ఫోల్డర్ పెట్టాం. బయటికి పంపిన ప్రతి విడుదల ఇమేజ్‌లోంచి డీటీబీని బైనరీగా తీసి అందులో వేశాం, ప్రతిదానికీ షా-256 (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) రాసి పెట్టాం. సోర్సు నుంచి మళ్లీ కంపైల్ చేసినవాటికి ఆ ఫోల్డర్‌లో చోటు లేదు. మా చేతికి తిరిగొచ్చిన పరికరాల నుంచి కూడా తీశాం. నడుస్తున్న లినక్స్‌లో సిస్ కింద ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఎఫ్‌డీటీ అన్న ఫైలు ఉంటుంది, కెర్నెల్‌కు బూట్‌లోడర్ అందించిన డీటీబీ అదే. బూట్‌లోడర్ మెమరీ సైజు, బూట్ ఆర్గ్యుమెంట్లు లాంటివి అందులో దిద్దుతుంది కాబట్టి షా కలవదు. డీటీఎస్‌గా విప్పి డిఫ్ (లైన్ల తేడాలు) చూడాలి. ఎనిమిది రకాలు తేలాయి. మేం మూడే ఉంటాయనుకున్నాం.

ఇక ఫీఫో. దీనికి నేను ఫీఫో-సైజ్ ప్రాపర్టీ రాసి 128 అని ఇచ్చాను. రివ్యూలో ఒక పెద్దాయన దాన్ని కొట్టేశాడు. ఆయన వాదన సూటిగా ఉంది: ఈ వెర్షన్ యూఆర్ట్ ఎక్కడున్నా ఫీఫో 128 బైట్లే అయితే, ఆ సంగతి కంపాటిబుల్ పేరే (ఇది ఏ పరికరమో డ్రైవర్‌కు చెప్పే లైను) చెబుతుంది, మళ్లీ విడిగా రాయడం దేనికి? బోర్డు బోర్డుకూ మారేదైతే ప్రాపర్టీ, వెర్షన్‌కు కట్టుబడిందైతే కంపాటిబుల్. నాకు మొదట కాస్త రోషం వచ్చింది గానీ మాట నిజం. కంపాటిబుల్ లైన్లో రెండో వెర్షన్ పేరు ముందు, మొదటి వెర్షన్ పేరు వెనక పెట్టాను. రీసెట్ అయ్యాక కొత్త యూఆర్ట్ అచ్చం పాతదానిలాగే, 16 బైట్ల తీరులోనే లేస్తుంది కాబట్టి వెనక పేరు అబద్ధం కాదు. కొత్త బోర్డు మీద ఎవరైనా పాత కెర్నెల్‌కు వెనక్కి వెళ్లినా, పాత డ్రైవర్ రెండో పేరు పట్టుకుని నెమ్మదిగానైనా నడుపుతుంది. నియమం అడగని వరం ఇది. మా అప్‌డేట్ విఫలమైతే పరికరం తనంతట తానే పాత కెర్నెల్‌కు తిరిగిపోతుంది కాబట్టి మాకు చాలా అక్కరకొచ్చింది.

ఆర్ఎస్-485 దగ్గరే అసలు కథ. రెండు వైర్ల బస్సు, దాని మీద బోలెడు పరికరాలు, ఒకసారి ఒకరే మాట్లాడాలి. మాట్లాడే పరికరం తన ట్రాన్సీవర్‌ను (వైర్లను నడిపే చిప్‌ను) ఆన్ చేసి, చెప్పాల్సింది చెప్పి, వెంటనే బస్సును వదిలెయ్యాలి. పాత యూఆర్ట్‌లో ట్రాన్సీవర్‌ను నడిపే పిన్నును సాఫ్ట్‌వేరే ఎత్తి దించేది. ఫీఫో ఖాళీ అయినంత మాత్రాన దించకూడదు, షిఫ్ట్ రిజిస్టర్‌లోంచి చివరి బిట్ కూడా బయటపడాలి. తొందరపడితే చివరి బైటుకు తోక తెగుతుంది. 115200 వేగంలో ఒక బైటుకు పట్టేది దాదాపు 87 మైక్రోసెకన్లు, అంతలోపు ఇంటరప్ట్ ఆలస్యాలు ఎన్ని రావచ్చో చెప్పక్కర్లేదు.

ఈ పిన్ను ఎత్తాక ఎంతసేపు ఆగాలి, పంపాక ఎంతసేపటికి దించాలి అన్నదానికి ఆర్ఎస్485-ఆర్‌టీఎస్-డిలే అని అందరూ వాడే ప్రాపర్టీ ఉంది, రెండు అంకెలు, రెండూ మిల్లీసెకన్లలో. 115200 దగ్గర ఒక మిల్లీసెకను అంటే పదకొండు బైట్లు దాటిపోయే కాలం. కొత్త హార్డ్‌వేర్ మైక్రోసెకన్లలో లెక్కపెట్టగలదు. అందుకని నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. కొత్త వెర్షన్ అయితే అవే అంకెలను మైక్రోసెకన్లుగా చదువుకొమ్మని డ్రైవర్‌లో రాశాను. ఒకే పేరు, ఒకే అంకె, రెండు అర్థాలు. డీటీఎస్ చదివే మనిషికి తేడా తెలిసే దారే లేదు. ఇది బయటికి పోకముందే నేనే చూసుకుని తీసేశాను. మా ప్రిఫిక్స్‌తో, చివర మైక్రోసెకన్ల గుర్తు ఉన్న కొత్త పేరు పెట్టాను. అది ఉంటే అది, లేకపోతే పాతదాన్ని వెయ్యితో గుణించడం. పేరు చివర కొలమానం రాయాలన్న ఆనవాయితీ డివైస్ ట్రీ బైండింగుల్లో (ఏ ప్రాపర్టీ ఎలా రాయాలో చెప్పే పత్రాల్లో) ఊరికే రాలేదు.

అవును-కాదు ప్రాపర్టీల్లో ఇంకో తిరకాసుంది. అక్కడ పేరు కనపడితే అవును, కనపడకపోతే కాదు, అంతే. ఎదురుగా సున్నా రాసినా అవునే! రెండో పోర్టులో ఆర్ఎస్-485 వద్దని సున్నా పెట్టి, ఎందుకు ఆన్ అవుతోందా అని ఒక పూటంతా తల గోక్కున్నాను. డీటీఎస్‌లో డిలీట్-ప్రాపర్టీ అని రాసి తీసెయ్యాలి. ఇదే కారణంగా, హార్డ్‌వేర్ దిశ నియంత్రణకు పేరు పెట్టేటప్పుడు కూడా జాగ్రత్తపడాల్సి వచ్చింది. 'హార్డ్‌వేర్ దిశ వద్దు' అనే పేరు పెడితే, ఆ పేరే ఎరగని పాత డీటీబీలన్నీ 'కావాలి' అన్నట్టు అయిపోతాయి. లేకపోవడానికి ఎప్పుడూ పాత నడవడికే అర్థంగా ఉండాలి.

ఇవన్నీ సర్దుకున్నాక, ఎనిమిది డీటీబీలతో పాత బోర్డులు ఎనిమిదీ బూట్ అయ్యాయి. లాగ్‌లో ఒక్క హెచ్చరిక లేదు. ఆ వారాంతం హాయిగా పడుకున్నాను.

సోమవారం అదే కుర్రాడు. "అన్నా, బూట్ అవుతున్నాయి గానీ బస్సు మీద ఒక్కటి కూడా జవాబివ్వట్లేదు." కొత్త బోర్డులు బాగానే ఉన్నాయి, పాతవన్నీ టైమ్‌ఔట్. స్కోప్ (సిగ్నల్‌ను గీతగా చూపే పరికరం) పెట్టాం. ఒక ప్రోబు డేటా లైను మీద, ఇంకోటి ట్రాన్సీవర్ ఎనేబుల్ పిన్ను మీద. ఖాళీగా ఉన్నప్పుడు ఎనేబుల్ పైకి ఎత్తి ఉంది. డేటా బయల్దేరగానే కిందికి పడింది, చివరి బిట్ పోయాక మళ్లీ లేచింది. సమయాలు కొలిచి చూస్తే కచ్చితంగా ఉన్నాయి, గీతకు గీత. అంతా తలకిందులు, అంతే. మాట్లాడాల్సినప్పుడు నోరు నొక్కుకుని, వినాల్సినప్పుడు బస్సును గుప్పిట్లో బిగించి పట్టుకుంటోంది. అలాంటి బోర్డు ఒక్కటి తగిలిస్తే చాలు, బస్సు మీద మిగతా పరికరాలు కూడా మూగబోతాయి. ఇది బయటికి పోయి ఉంటే అన్న ఊహ దగ్గర నేను ఎక్కువసేపు ఆగలేదు.

ఇక్కడ నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను. పాత డ్రైవర్ ఆర్ఎస్-485 ప్రాపర్టీలను తన సొంత కోడుతో చదువుకునేది. నేను దాన్ని తీసేసి, సీరియల్ కోర్‌లో (సీరియల్ డ్రైవర్లన్నిటి ఉమ్మడి కోడులో) అందరికీ ఉన్న ఫంక్షన్‌ను పిలిచాను. నలభై లైన్లు పోయి ఒక్క లైను వచ్చింది, ఎవరైనా మెచ్చుకునే పనే. అయితే ఆ ఫంక్షన్ లెక్కలో, పోలారిటీ (పిన్ను పైకుంటే ఆనా, కిందుంటే ఆనా అన్నది) గురించి డీటీబీ ఏమీ అనకపోతే పంపేటప్పుడు పిన్ను పైకి లేవాలి. మా పాత డ్రైవర్ పోలారిటీ ప్రాపర్టీని అసలు చూసేదే కాదు, బోర్డులో ఇన్వర్టర్ (సిగ్నల్‌ను తలకిందులు చేసే గేటు) ఉంది కాబట్టి పంపేటప్పుడు పిన్నును దించడం దాని అలవాటు. ఆ సంగతి ఏ డీటీబీలోనూ రాసి లేదు. రాయాల్సిన అవసరం అప్పుడు ఎవరికీ కలగలేదు. ఎనిమిది ఫైళ్లూ ఆ విషయంలో ఖాళీ. కానీ ఆ ఖాళీకి మా దగ్గర ఒక అర్థం, కోర్ దగ్గర దానికి సరిగ్గా వ్యతిరేకార్థం.

దిద్దుబాటు ఇలా చేశాను. కోర్ ఫంక్షన్‌ను అలాగే పిలుస్తాం. ఆ తర్వాత, కంపాటిబుల్ మొదటి వెర్షన్‌తోనే కలిసి, యాక్టివ్-లో అని గానీ యాక్టివ్-హై అని గానీ డీటీబీలో ఏదీ రాసి లేకపోతే, ఫ్లాగులు తిప్పేస్తాం. రెండో వెర్షన్ అందరి ఆనవాయితీనే పాటిస్తుంది. కొత్త బోర్డులోనూ ఇన్వర్టర్ ఉంది గనక దాని డీటీఎస్‌లో యాక్టివ్-లో అని మొదట్నుంచీ విడమరిచి రాసే ఉంచాను. పాత కెర్నెల్ ఆ మాటను పట్టించుకోకపోయినా దాని అలవాటు కూడా అదే కాబట్టి ఇబ్బంది లేదు. ఆ ఆరు లైన్ల మీద కామెంటు మాత్రం పన్నెండు లైన్లు రాశాను. అది లేకపోతే ఎవరో ఒకరు ఆ లైన్లు అనవసరమని తీసేస్తారు. ఆ ఎవరో నేనే కావచ్చు.

స్కీమా (డీటీఎస్ రాతను తనిఖీ చేసే నియమాలు) సంగతి క్లుప్తంగా. బైండింగ్ ఇప్పుడు యామ్ల్ అన్న ఫైలు రూపంలో రాస్తాం. క్లాక్-నేమ్స్‌ను తప్పనిసరి జాబితాలో పడేస్తే పాత డీటీఎస్‌లన్నీ తప్పులయిపోతాయి. క్లాకులు కనీసం ఒకటి, గరిష్ఠం రెండు అని చెప్పి, రెండో వెర్షన్ అయితేనే రెండూ పేర్లతో ఉండాలని షరతు పెట్టాను. స్కీమా పరీక్ష మంచిదే, కానీ అది రాతను చూస్తుంది, డ్రైవర్ నడతను కాదు. పోలారిటీ గొడవ దానికి చస్తే కనపడదు. ఏలియాసులు (పోర్టులకు పెట్టిన మారుపేర్లు) కూడా ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. సీరియల్0 అన్న పేరు వేరే పోర్టుకు పోతే యూజర్‌స్పేస్‌లో ప్రోగ్రాములన్నీ తప్పు తలుపు తడతాయి.

పోర్టు వేగం చెప్పే కరెంట్-స్పీడ్ అన్న ప్రాపర్టీని కూడా ఈ ఊపులో తీసేద్దామనుకున్నాను. కన్సోల్ వేగం స్టడౌట్-పాత్‌లోనే (కన్సోల్ ఏ పోర్టో చెప్పే ప్రాపర్టీ) పోర్టు పేరు పక్కన రాయొచ్చు, మా ఎనిమిది డీటీబీల్లోనూ అలాగే ఉంది, 115200 అని. మరి ఇంకోటి దేనికి? ఆ కోడు తొలగించే ప్యాచ్ సిద్ధం చేసి, పంపేముందు తిరిగొచ్చిన పరికరాల అరలో మిగిలిన చివరి రెండు పెట్టెలు కూడా చూద్దామని తెరిచాం. ఒకటి తెలిసిన రకమే. రెండోదాని డీటీబీని విప్పితే మా రిపోజిటరీలో (కోడు చరిత్ర దాచే చోట) ఏ ట్యాగ్‌తోనూ, ఏ కమిట్‌తోనూ కలవలేదు. స్టడౌట్-పాత్‌లో వేగం లేదు. కరెంట్-స్పీడ్ 9600. ఎవరు చేశారో, ఎన్ని పెట్టెల్లో ఎక్కించారో అడిగితే చెప్పేవాళ్లు లేరు.

ప్యాచ్ పక్కన పెట్టేశాను. ఆ డీటీబీని తొమ్మిదోదిగా ఫోల్డర్‌లో వేసి, కొత్త కెర్నెల్‌తో ఆన్ చేశాం. టెర్మినల్‌ను 9600కు మార్చేదాకా చెత్త అక్షరాలే వచ్చాయి. మార్చాక లాగిన్ అడిగింది.